మిగతా సగం చెరువు

చేపల కోసం తాగునీటి చెరువులో విషం కలిపిన మనిషినని నా మీద నింద వేశారు. ఆ మాట మీదే నన్ను పంప్‌హౌస్ నుంచి తీసేసి ప్లాట్‌ఫారం మీదికి తోలారు. ఆ మాట మోసుకునే ముప్పై ఏళ్లకు పైగా గోల్‌బజార్ వెళ్లి చేపలు కొన్నాను. ఇది అన్యాయం.

అన్యాయాన్ని ముందే చెప్పేయడం నాకు అలవాటు. ఒక్కటి తప్ప నా దరఖాస్తులన్నీ ఇలాగే మొదలవుతాయి. సంగతి మొదట్నుంచి చెప్పుకుంటూ వస్తే మధ్యలో నా తప్పులు తగులుతాయి. అవి కాస్త ఎక్కువగానే తగులుతాయి. అక్కడికి వచ్చేసరికి చదివేవాళ్లు అవతలివాళ్ల పక్షం చేరిపోతారు. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలెవరైనా ఇది చదువుతుంటే, దరఖాస్తు రాయడంలో ఈ ఒక్క కిటుకు నా దగ్గర నేర్చుకోండి. మిగతావి నేర్చుకోకండి.

మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో సుత్తి పట్టాడు. నేను ఏడో తరగతితో బడి మానేసి, కొన్నాళ్లు ఊరికే తిరిగి, చివరికి నీళ్ల విభాగంలో ఖలాసీగా కుదిరాను. ఆ రోజుల్లో మా క్వార్టర్ల కుళాయిల్లోకి నీళ్లు ఒక పెద్ద చెరువు నుంచి వచ్చేవి. గట్టున పంప్‌హౌస్, దాని పక్కన ఇసుక మడులు. చెరువు నీళ్లు ఆ ఇసుకలోంచి ఇంకి, శుభ్రపడి, పంపు ఎక్కి ఊళ్లోకి పోయేవి. ఇసుక పైపొర గీకడం, తూములు తిప్పడం, గట్టెక్కిన పశువుల్ని అదిలించడం, ఉన్న ఒక్క పడవకీ ఏటా తారు పూయడం మా పని.

నాతోపాటు పడవ మీద ఉండేది ఒక పెద్దాయన. నాకంటే పదిహేనేళ్లు పెద్ద. బంధువు కాడు, మా వైపు మనిషి కాబట్టి నాకు మావ. సంతకం పెట్టడం రాదు గానీ చెరువులో ఎక్కడ ఎంత లోతో, ఏ మూల ఏ చేప పడుకుంటుందో చెప్పేవాడు. మా ఇద్దరి పైన ఇన్‌స్పెక్టర్. బెంగాలీ, సన్నటి మనిషి, ఎండా వానా తేడా లేకుండా చేతిలో గొడుగు. పొద్దున్నే గట్టు దిగి, దోసిట్లోకి నీళ్లు తీసుకుని వాసన చూసి, పారబోసి వెళ్లిపోయేవాడు. ఆయనంటే నాకు పడేది కాదు. కారణం చెబితే నవ్వుతారు. నేను పుస్తకాలు చదువుతానని తెలిసి ఆయన ఒక్కసారి కూడా ఆశ్చర్యపోలేదు.

నిజంగానే చదివేవాణ్ని. గోల్‌బజార్‌లో ఒక చిత్తుకాగితాల కొట్టుండేది. తూకానికి వచ్చిన వాటిలోంచి ఏరుకుని, పక్కన డిక్షనరీ పెట్టుకుని, రోజుకో పేజీ చొప్పున ఇంగ్లీషు నమిలేవాణ్ని. అలా దొరికింది నీళ్ల సరఫరా మీద ఒక పాత పుస్తకం. అట్ట లేదు, మొదలు లేదు, మధ్యమధ్య పేజీలు లేవు. కొట్టువాడు వాటిలో శనగలు పొట్లం కట్టి అమ్మేసి ఉంటాడు. ఉన్నంతలో నేను కంఠతా పట్టాను. మా విభాగంలో అలాంటి పుస్తకం ఉన్న ఖలాసీని నేనొక్కణ్నే. ఆ రోజుల్లో నా నడకే మారిపోయిందని మా ఆవిడ ఇప్పటికీ నడిచి చూపిస్తుంది.

ఆ పుస్తకం ప్రకారం చెరువంటే నీళ్లు. నీళ్లు కానిదంతా మురికి. పాచి మురికి, నత్త మురికి, తూటికాడ మురికి, చేప మురికి. మా వాళ్ల లెక్క వేరేగా ఉండేది. ఆ చెరువులో చేపపిల్లల్ని వదలడం, చలికాలంలో ఒకరోజు వల లాగి పంప్‌హౌస్ మనుషులూ చుట్టుపక్కల క్వార్టర్ల వాళ్లూ పంచుకోవడం ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. పైన తిరిగే బొచ్చె, మధ్యలో రుయి, అడుగున బురద వెతుక్కునే మృగాల. ఇంటికొక చేప, తలతో సహా. ఇన్‌స్పెక్టర్ గొడుగు చంకలో పెట్టుకుని నిలబడి పంపకం చూసేవాడు. అందరూ తీసుకున్నాక మిగిలింది తను తీసుకునేవాడు. అది ఎప్పుడూ చిన్నదే.

ఆ ఏడు ఎండలు ముదిరాయి. నీళ్లు తగ్గి, చెరువు చిక్కటి ఆకుపచ్చకు తిరిగింది. కుళాయిల్లో మట్టి వాసన. ఇసుక మడులు గీకిన రెండో రోజుకే జిగురు పట్టి బిగుసుకుపోయేవి. దీనికి మా దగ్గరున్న మందు మైలతుత్తం. ఆ నీలం రాళ్లను గోనెసంచిలో పోసి మూట కట్టి, పడవ వెనక నీళ్లలోకి వేలాడదీసి, దుక్కి దున్నినట్టు గట్టు నుంచి గట్టుకు చాళ్లు తోలుకుంటూ పోయేవాళ్లం. మూట కరిగేది. పడవ వెనక నీలం చార సాగేది. పాచి చచ్చేది.

దీనికొక కట్టుబాటుంది. ఒక విడతకు సగం చెరువే చెయ్యాలి. మిగతా సగం రెండు వారాల తర్వాత. తూర్పు గట్టున సున్నం పూసిన రాయి ఒకటి, దానికి ఎదురుగా పడమటి గట్టున ఇంకొకటి. వాటి మధ్య మనసులో గీత గీసుకుని, అది దాటకూడదు. ఎందుకని ఇన్‌స్పెక్టర్ ఎప్పుడూ చెప్పలేదు. నేను అడగలేదు. అడిగితే నాకు తెలియదని ఒప్పుకున్నట్టు కదా.

పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నాడని కబురొచ్చింది. ఇన్‌స్పెక్టర్ ఉత్తరం వైపు సగం చెయ్యమని మాకు చెప్పి, సామాను తెప్పించే పని మీద కలకత్తా వెళ్లాడు. నేను పుస్తకం తీశాను. ఎంత నీటికి ఎంత తుత్తమో పట్టిక ఉంది. పట్టికలో మొత్తం చెరువుకు లెక్కే ఉంది, సగం మాట లేదు. పట్టిక కింద ఒక వాక్యం మొదలై, పేజీ అయిపోయి, తర్వాతి పేజీలోకి పోయింది. ఆ పేజీ లేదు.

పడవ సున్నపు రాయి దగ్గరికొచ్చేసరికి మావ తెడ్డు ఆపేశాడు.

"గీత వచ్చీసినాది. తిప్పీరా."

నేను తిప్పలేదు. రెండో మూట కూడా పడవలోకి ముందే ఎక్కించి పెట్టుకున్నాను.

"మావా, ఇటేపు పాచి సంపి అటేపు ఒగ్గెస్తే, ఆ పాచి మల్లీ ఇటు రాదేటి? మజ్జిన గోడ కట్టినావా?"

"నానేటీ కట్టనేదు. ఆటిలో పానాలున్నాయిరా. ఇటు బాగోనేదంటే అటెల్తాయి. అటూ నువ్వే ఎల్లిపోతే అయ్యెక్కడికెల్తాయి?"

"పుస్తకంలో ఇలగే ఉన్నాది."

"సేపలెక్కడికెల్తాయో ఉన్నాదా?"

"అదుండదు మావా. ఇది నీల్ల పుస్తకం."

మావ నా ముఖం చూశాడు, తర్వాత నీళ్లు చూశాడు, తెడ్డు మళ్లీ వేశాడు. చదువుకున్నవాడితో వాదం ఎందుకనుకున్నాడో, తన డ్యూటీ తెడ్డు వేయడం వరకే అనుకున్నాడో తెలియదు. సాయంత్రానికి చెరువంతా దున్నేశాం. ఒడ్డుకొచ్చి సంచులు దులుపుతుంటే నా చేతులు మోచేతుల దాకా నీలం. కడుక్కోకుండా ఇంటికెళ్లాను, మా ఆవిడ చూడాలని.

మర్నాటికి ఆకుపచ్చ గోధుమరంగులోకి మారింది. ఆ మర్నాడు ఇంకా పలచబడింది. పెద్ద అధికారి గట్టు మీద నిలబడి, ఇది ఎవరు చేశారని అడుగుతాడు. ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకుని నావైపు చూపిస్తాడు. ఈ బొమ్మ నా కళ్ల ముందు ఆ రెండు రోజులూ ఆడుతూనే ఉంది. పైన మాత్రం మబ్బు పట్టింది. వాన లేదు, గాలి లేదు, ఎండ లేదు. ఉక్క. చెరువు నూనె పోసినట్టు కదలకుండా ఉంది. పనిలో నెత్తిన ఎండ తగలడం లేదని సంతోషించాను.

నాలుగో రోజు తెల్లవారుజామున తూము తిప్పే వంతు నాది. గట్టెక్కి చూస్తే చెరువు నిండా నోళ్లు. ఎక్కడ చూసినా చేప మూతి నీళ్ల పైకి తేలి, తెరుచుకుని మూసుకుంటోంది. అన్ని చేపలున్నాయని అంతవరకు నాకు తెలియదు. మనిషి నాలుక మీద తడి ఆరినప్పుడు చేసే చప్పుడు లాంటిది చెరువంతా వినిపిస్తోంది.

అప్పుడు నేనేం చేశానో మొదటి పదిహేడు దరఖాస్తుల్లోనూ ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. పాచి పోయింది కదా, తిండి లేక ఆకలితో పైకొచ్చాయనుకున్నాను. పొద్దుటి టిఫిన్‌కి తువ్వాల్లో మరమరాలు కట్టుకు వచ్చాను. గట్టు చివర కూర్చుని, పిడికెడు పిడికెడు వాటికి వేశాను. నాకు కొంచెం జాలి, కొంచెం గొప్ప కూడా కలిగాయి. ఒక్కటీ నోట్లో పెట్టుకోలేదు. మరమరాలు వాటి మూతుల మీదికి ఎక్కి, జారి, పక్కకు తేలిపోయాయి. నా కాళ్ల ముందే పెద్ద బొచ్చె ఒకటి మెల్లగా పక్కకు ఒరిగి, తెల్లటి పొట్ట పైకి చూపించింది. అప్పటికి గానీ నాకు ఇది ఆకలి కాదని తట్టలేదు.

బాగా వెలుతురొచ్చేసరికి చెరువు తెల్లగా ఉంది. ముందు పెద్దవి పోయాయి. తర్వాత మధ్యరకం. బొటనవేలంత పిల్లలు గట్టు అంచున ఇంకా కొట్టుకుంటున్నాయి. మావ వచ్చి, మోకాలి లోతుకు దిగి, చాలాసేపు చూశాడు.

"కొర్రమీన్లు సావనేదు, సూసినావా," అన్నాడు. "మార్పు సేపలూ సావనేదు. అదేటిరా?"

"ఇప్పుడు లెక్కలెందుకు మావా," అని కసిరాను.

ఆ ప్రశ్నలో నా జీవితం మొత్తానికి జవాబు ఉంది. నేను కసిరాను.

క్వార్టర్ల వాళ్లు సంచులూ గిన్నెలూ పట్టుకుని వచ్చేశారు. సరిగ్గా అప్పుడే మొదటి బండి దిగిన ఇన్‌స్పెక్టర్ గొడుగుతో, చేతిసంచితో నేరుగా గట్టెక్కాడు. గట్టు దిగాడు. దోసిట్లో నీళ్లు తీసుకుని వాసన చూశాడు. తూర్పు సున్నపు రాయి చూశాడు, పడమటి రాయి చూశాడు, పడవలో పడున్న రెండు ఖాళీ సంచులు చూశాడు, చివరికి నా చేతులు చూశాడు. నీలం ఇంకా పూర్తిగా వదల్లేదు.

"పూరా?" అన్నాడు, మొత్తమూనా అని. అంతే.

"వర్క్‌షాపు కాలవలోంచి నూనె దిగింది సార్," అన్నాను.

ఆ నూనె నేను ఆ క్షణంలో పుట్టించిందే. ఒక్క బొట్టు కూడా ఎవరూ చూడలేదు. తర్వాత ముప్పై ఏళ్లు దాన్నే పెంచి పోషించాను. మొదట్లో అబద్ధమని నాకు తెలుసు. కొన్నేళ్లకు అనుమానమైంది. ఆ తర్వాత ఆ కాలవా, ఆ నూనె రంగులూ నా కళ్లతో చూసినట్టే ఉండేవి.

ఆయన తల ఊపాడు. ఏ చేపా ఎవరి ఇంటికీ పోకూడదన్నాడు. గొయ్యి తవ్వించి, సున్నం చల్లి పూడ్పించాడు. పూడ్చడం అయ్యేదాకా నీళ్లయినా తాగకుండా అక్కడే నిలబడ్డాడు. చలికాలం పంపకం పోయిందని జనానికి కడుపుమంట. వాళ్లలో ఒకరికి నీళ్ల మీద తేలుతున్న మరమరాలు కనిపించాయి. చేపలు చచ్చాయి, నీళ్ల మీద మరమరాలున్నాయి, తెల్లారి గట్టు మీద ఒంటరిగా ఉన్నది నేను. మధ్యాహ్నానికి ఊరంతా తేల్చేసింది, మందు కలిపిన మరమరాలని. చచ్చిపోతున్న చేపలకు నా టిఫిన్ పెట్టానని చెప్పుకోవడం కంటే దొంగ అనిపించుకోవడమే నయమనిపించింది నాకు. నోరు మూసుకున్నాను.

తనిఖీ కాస్తా విచారణ అయింది. ఇన్‌స్పెక్టర్ మావని లోపలికి పిలిచి చాలాసేపు మాట్లాడాడు. నన్ను పిలవనే లేదు. రెండు వారాల తర్వాత కాగితం వచ్చింది: పరిపాలనా కారణాల మీద నన్ను బోగీలకు నీళ్లు నింపే గ్యాంగుకు మార్చారు. ఆఫీసు గుమాస్తాను పట్టుకుని, నా ఫైల్లో ఏం రాశారని అడిగాను. అతను ఫైలు తెరవకుండానే ముఖం దిగాలుగా పెట్టి, "బహుత్ కుఛ్ లిఖా హై," అన్నాడు. చాలానే రాశారట. చాలానే అంటే ఏమిటో నాకు అడగక్కర్లేకపోయింది. గోల్‌బజార్‌లో అందరూ అంటున్నదే రాసి ఉంటారు.

వెళ్లేముందు ఇన్‌స్పెక్టర్‌కి ఎదురుపడ్డాను. ఆయన తన బెంగాలీ హిందీలో ఒక మాట అన్నాడు: "నీకు నీళ్లంటే ఇష్టం కదా. నీళ్ల పనే ఇప్పించాను."

ఎక్కి వచ్చిన కోపానికి నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. గొట్టం పట్టుకుని ప్లాట్‌ఫారం మీద పరుగెత్తే పనికి నన్ను పంపి, పైగా వెటకారం. కొన్ని నెలలకు ఆయన్ని కూడా ఎక్కడో దూరపు లైన్లో చిన్న స్టేషనుకు మార్చారని తెలిసింది. ఆ రోజు గోల్‌బజార్ నుంచి జిలేబీ తెచ్చి గ్యాంగంతటికీ పంచాను. దారిలో కనిపించిన మావకీ ఇచ్చాను. మావ తీసుకోలేదు. ఎడమ దవడ పట్టుకుని పన్ను నొప్పి అన్నాడు. ఆయనకు ఆ వైపు పళ్లే లేవు.

అక్కడి నుంచి ఇరవై ఎనిమిదేళ్లు గొట్టం పట్టాను. బండి ఆగేది పది నిమిషాలు. బోగీ కింద మూతి వెతికి గొట్టం తగిలించి, నిండిందని పైనుంచి నీళ్లు నెత్తిన పడ్డాక తెలుసుకుని, పక్క బోగీకి పరుగు. మిగిలిన సమయంలో దరఖాస్తులు. చిన్న అధికారికి, పెద్ద అధికారికి, వాళ్ల పై అధికారికి. మొదటి వాక్యం అన్యాయం, రెండో వాక్యం నూనె, చివరి వాక్యం నా ఫైల్లోని ఆ నింద కొట్టివేయించాలని ప్రార్థన. పదిహేడు రాశాను. అందినట్టు రసీదులొచ్చేవి, జవాబులు రాలేదు. నాకు కావలసింది ఉద్యోగమూ కాదు, హోదా కూడా కాదు. నేను పోయాక నా మాట చెప్పడానికి నేనుండను. ఆ కాగితం మాత్రం ఉంటుంది. అది దొంగ అని చెప్పకూడదు. అంతే.

చేపల బజారు మాత్రం మర్చిపోయేది కాదు. నన్ను చూడగానే ఒక బెంగాలీ చేపలవాడు బుట్ట మీద గోనె కప్పేవాడు, అన్నగారొచ్చారు, చేపలు భయపడతాయని. అతను పోయాక అతని కొడుకు కప్పేవాడు. ఆ కొడుకు చెరువును కూడా చూసి ఉండడు. మా ఆవిడ నాతో బజారుకు రావడం మానేసింది. "నువ్వొస్తే ముల్లు సేపే ఇస్తన్నారు. ఇంటికాడ కూకొని దరకాస్తు రాసుకో," అనేది.

రిటైరయ్యాక ఖరగ్‌పూర్‌లోనే తాల్‌బగీచాలో ఇల్లు కట్టుకున్నాం. మావ ఈ మధ్యే పోయాడు. చెరువు నీళ్లు వాడటం ఎప్పుడో మానేశారు. గుర్రపుడెక్క ఎక్కి, సగం కనపడకుండా పోయింది. అప్పుడు మా పక్కింట్లో అద్దెకు దిగింది ఒక తెలంగాణ అమ్మాయి. ఇక్కడి పెద్ద ఇంజనీరింగు కాలేజీలో చెరువుల మీద పరిశోధన చేస్తోంది. నీళ్లు బాటిళ్లలో పట్టుకోవడానికి తెల్లవారకముందే బయల్దేరేది. పాత చెరువులు చూపించే మనిషి కావాలంది. నేను ఎగిరి గంతేశాను. నూనె సంగతి కాలేజీ చదువు చదివిన మనిషికి చెబితే శాస్త్రం ప్రకారం రుజువైపోతుందని నా ఆశ.

దారి పొడుగునా నూనె గురించే చెప్పాను. ఆమె విననూ విన్నది, పని చేసుకోనూ చేసుకుంది. గట్టు మీద కూర్చుని, గాజు బిరడా ఉన్న బుడ్డిలో నీళ్లు నింపి, రెండు మందులు రెండేసి చుక్కలు వేసి ఊపింది. బుడ్డిలో అట్టు పిండి రంగులో తెల్లటి తెర దిగింది.

"తెల్లగొచ్చిందంటే గాలి లేదు తాతా," అంది. "నీళ్లల్ల గాలి ఉంటే గోధుమరంగు వస్తది."

"నీల్లలో గాలేటమ్మా?"

అప్పుడు చెప్పింది. చేప నీళ్లలో కరిగిన గాలినే పీల్చుకుంటుందట. ఆ గాలి కొంత పైనుంచి కలుస్తుంది, ఎక్కువ భాగం పాచి తయారు చేస్తుంది, ఎండలో. చీకటి పడితే పాచి కూడా అందరితోపాటు ఆ గాలినే పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున చెరువుకు ఊపిరి అందదు. ఎండ రాగానే మళ్లీ తేరుకుంటుంది. పాచి చేపకు తిండి ఒక్కటే కాదు, ఊపిరి కూడానట. నేను మురికి అన్నది ఇదే.

గట్టు అంచున గుర్రపుడెక్క పువ్వొకటి తెంపాను. తర్వాత, ఒకడున్నాడనుకోమని మొదలుపెట్టాను. వాడు చెరువు మొత్తానికి ఒకే రోజు తుత్తం వేశాడు. నాలుగో రోజు తెల్లారి చేపలు పోయాయి.

ఆమె పోలీసులా అడగడం మొదలుపెట్టింది. మబ్బు పట్టిందా? పట్టింది. గాలి వీచిందా? లేదు. పైకొచ్చి నోళ్లు తెరిచాయా? తెరిచాయి. ముందు పోయినవి పెద్దవా, చిన్నవా? పెద్దవి. కొర్రమీన్లు?

"సావలేదు. మార్పులూ సావలేదు."

"అయితే విషం గాదు. తుత్తం ఎక్కువైతే విషమే గానీ, అట్లయితే ముందు పిల్లలే పోతయ్. కొర్రమీను, మార్పు పైకొచ్చి మన లెక్కనే గాలి మింగుతయ్, అందుకే బతికినయ్. పాచంతా ఒక్కపాలి చచ్చి, కుళ్లుకుంట ఉన్న గాలంతా తాగేసింది. మబ్బుకు కొత్త గాలి పుట్టలే. సగం చెరువు ఇడిచిపెట్టి ఉంటే అన్నీ అటు పోయి బతుకుతుండె." బుడ్డి మూత పెడుతూ అంది, "ఎవడో పుస్తకం సగం చదివినోడు చేసుంటడు."

"దొంగ అంటావా వాడ్ని?"

"దొంగెందుకైతడు? ఉన్నడా ఆయన ఇంకా?"

"ఉన్నాడు."

"ఏం చేస్తుంటడు?"

"దరకాస్తులు రాసుకుంటన్నాడు," అన్నాను.

ఆమె నా చేతుల వైపు చూసింది. ఇప్పుడు వాటి మీద నీలం లేదు. అయినా దాచుకున్నాను.  మా గేటు దగ్గరికి వచ్చాక, ఊరికే రాస్తే జవాబు రాదనీ, సమాచార హక్కు కింద ఫైలు నకలు అడిగితే ఇవ్వక తప్పదనీ చెప్పింది. పదిహేడు దరఖాస్తుల్లో ఒక్కదాంట్లోనూ, అసలు ఏం రాశారో చూపించండి అని నేను అడగలేదు. ఆ సంగతి అప్పుడే తట్టింది.

పద్దెనిమిదోది రాయడానికి వారం పట్టింది. అన్యాయంతో మొదలుపెట్టబోయి కొట్టేశాను. చేపలు చనిపోయింది నా వల్లే అని రాశాను. గీత దాటవద్దని చెప్పినా దాటానని, నూనె నేను కల్పించిందని, మరమరాలు నా టిఫిన్ అని, అందులో మందు లేదని రాశాను. కాబట్టి నా రికార్డులో దొంగతనమని ఉన్నచోట తెలివితక్కువతనమని దిద్దవలసిందిగా, దిద్దిన కాగితం నకలు ఇప్పించవలసిందిగా కోరాను. మా ఆవిడకు చదివి వినిపించాను.

"ఇన్నాల్లూ నాను సంపనేదు, సంపనేదన్నావు," అంది. "ఇప్పుడు నానే సంపినానంతన్నావు. ఆ ఆపీసోల్లకి మతుంటాదేటయ్యా నీతోటి?" కాగితం వైపు వేలు చూపించి, "మరమరాలేసినావా నువ్వు?" అంది. నవ్వుతుందనుకున్నాను. లేచి లోపలికెళ్లి, నాకు టీ పెట్టి తెచ్చింది.

నెల దాటాక రిజిస్టరు పోస్టులో జవాబొచ్చింది. నా జీవితంలో నాకొచ్చిన మొదటి జవాబు. ఇంగ్లీషులో ఉంది. డిక్షనరీ పక్కన పెట్టుకుని, ఈసారి పేజీలన్నీ ఉన్నాయో లేదో చూసుకుని, తెలుగు చేశాను. ఇదీ అది:

"మీ దరఖాస్తుకు జవాబుగా తెలియజేయునది. మీ సర్వీసు రికార్డు మొదటి నుంచి చివరి వరకు పరిశీలించడమైనది. దొంగతనం గురించి గానీ, విషం కలపడం గురించి గానీ అందులో ఎటువంటి నమోదూ లేదు. మీ బదిలీ ఉత్తర్వుకు జతపరచి, ఆనాటి ఇన్‌స్పెక్టర్ స్వహస్తాలతో రాసిన నివేదిక ఒకటి ఉన్నది. మీరు నకలు కోరినందున అందులోని విషయం ఇక్కడ ఇస్తున్నాము: 'చెరువు మొత్తానికి ఒకే రోజు తుత్తం వేయమని చెప్పింది నేనే. సిబ్బంది నేను చెప్పినట్టే చేశారు. బాధ్యత పూర్తిగా నాది. పడవ మీద ఉన్న కుర్రవాడికి నీళ్లంటే శ్రద్ధ ఎక్కువ. అతన్ని వేరే చోటికి మార్చండి గానీ నీళ్ల పని నుంచి తీసివేయవద్దు.' కావున మీరు కోరిన సవరణకు అవకాశం లేదు. మీరు ఇప్పుడు పంపిన నేరాంగీకారాన్ని ఏ ఫైలులో చేర్చవలెనో సూచనలు లేనందున, అసలు ప్రతిని దీనితో తిప్పి పంపడమైనది."